మామునూరు విమానం, చిన్న ఎయిర్‌లైన్స్ పోటీ, టికెట్ రేట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో టికెట్లు బుక్ చేసే పని మాది. బస్సు, రైలు, ఫ్లైట్ అన్నీ చూస్తాం. వరంగల్ పక్కన మామునూరు ఎయిర్‌పోర్టుకు అనుమతి వచ్చిందని పేపర్లో పడ్డప్పటి నుంచి, టికెట్ చేతికిచ్చాక కూడా చాలామంది కౌంటర్ దగ్గరే నిలబడి ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. చెప్పీ చెప్పీ గొంతు పోతోంది. అందుకే రాసి పెడుతున్నాం.

మామునూరు నుంచి ఇప్పుడు టికెట్ దొరుకుతుందా?

దొరకదు. ఇది రాసే నాటికి అక్కడి నుంచి ఒక్క ప్రయాణికుల విమానమూ నడవడం లేదు. ఎవరైనా ప్రీ బుకింగ్ అని డబ్బులు అడిగితే ఇవ్వకండి.

నిజాం కాలం నాటి ఎయిర్‌పోర్టు గదా, ఇన్నేళ్లు ఎందుకు మూలన పడింది?

1981 వరకు వాడి వదిలేశారు. తర్వాత ఎవరు ప్రయత్నించినా ఒక నిబంధన అడ్డుపడింది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు 2008లో మొదలైంది. దాని చుట్టూ 150 కిలోమీటర్ల లోపల 25 ఏళ్ల పాటు మరో ఎయిర్‌పోర్టు రాకూడదని కట్టినవాళ్లతో ఒప్పందం ఉంది. మామునూరు ఆ గీతకు కొద్దిగా లోపల పడింది. శంషాబాద్ యాజమాన్యం అభ్యంతరం లేదన్నాక, 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో 696 ఎకరాలున్నాయి. రన్‌వే పెంచడానికి నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడెపల్లి వైపు మరో 253 ఎకరాలు కావాల్సి వచ్చింది. దానికి రాష్ట్రం 205 కోట్లు కేటాయించింది.

హైదరాబాద్‌కు ఫ్లైట్ వేస్తారా?

వేసినా ఎవరు ఎక్కుతారు? గాల్లో 145 కిలోమీటర్ల దూరం. అరగంట ఎగరడానికి గంట ముందు వెళ్లి కూర్చోవాలి, దిగాక శంషాబాద్ నుంచి ఊళ్లోకి మరో గంట. ఆలోపు మీ కారు ఉప్పల్ దాటేస్తుంది.

పనికొచ్చేవి కొంచెం దూరపు ఊళ్లు. వరంగల్ నుంచి తిరుపతి గాల్లో 480 కిలోమీటర్లు, విశాఖ 385, బెంగళూరు 560 చిల్లర. గంట, గంటంపావులో తేలిపోయే దూరాలు. ఎన్‌ఐటీలో పిల్లల్ని చదివించే తల్లిదండ్రులు, బెంగళూరులో ఉద్యోగం చేసేవాళ్లు, కొండకు పోయేవాళ్లు, ఎనుమాముల మార్కెట్‌తో లావాదేవీలున్న పత్తి వ్యాపారులు. మా కౌంటర్‌కు వచ్చే ఫ్లైట్ గిరాకీ దాదాపు వీళ్లదే. శంషాబాద్ మీదుగా వెళ్తే ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకే మూడు మూడున్నర గంటలు, టాక్సీ ఖర్చు అదనం. కొన్నిసార్లు ఆ టాక్సీ బిల్లు టికెట్ రేటును దాటుతుంది.

చిన్న ఎయిర్‌లైన్స్ అంటే ఏవి? ఏ విమానం వస్తుంది?

ఇలాంటి దూరాలకు మన దేశంలో ఎక్కువగా తిరిగేది ఏటీఆర్ 72. రెక్కల కింద ఫ్యాన్లు తిరిగే విమానం, 70 నుంచి 78 సీట్లు. అలయన్స్ ఎయిర్ ఎక్కువగా నడిపేది ఇదే. ఎయిర్ ఇండియాను టాటాలకు అమ్మినా ఈ కంపెనీ మాత్రం ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. 2024 మార్చిలో గోవా నుంచి మొదలైన ఫ్లై91దీ ఇదే విమానం. స్టార్ ఎయిర్ మాత్రం చిన్న జెట్లు నడుపుతుంది, ఎంబ్రాయర్ రకం.

ఇక ఇండిగో. దాన్ని చిన్న కంపెనీ అని ఎవరూ అనరు కానీ 2017 డిసెంబర్ నుంచి దానికీ ఏటీఆర్‌లున్నాయి. మొదటిది హైదరాబాద్ నుంచి మంగళూరుకే ఎగిరింది. చిన్న రూట్ల పోటీలో అసలు లెక్క ఇక్కడే మారింది, కింద చెప్తాం.

80 సీట్ల లోపు విమానాలకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎయిర్‌పోర్టుల్లో ల్యాండింగ్ చార్జీ లేదు. ఏటీఆర్ 72కు ఆ లాభం కూడా ఉంది.

టీవీలో 2,500 అన్నారు, నాకు ఐదు వేలు చూపిస్తోంది. మోసమా?

మోసం కాదు, సగం చెప్పి వదిలేసిన మాట. చిన్న ఊళ్లకు తక్కువ రేటుకు విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ 2016 అక్టోబర్‌లో వచ్చింది. సుమారు 500 కిలోమీటర్లు, గంట ప్రయాణానికి 2,500 మించకూడదు అన్నది అప్పటి లెక్క. మొదటి ఫ్లైట్లు 2017 ఏప్రిల్ 27న ఎగిరాయి, కడప-హైదరాబాద్, నాందేడ్-హైదరాబాద్ ఆ రోజువే. కానీ ఆ రేటు విమానంలో దాదాపు సగం సీట్లకే. మిగతా సగం కంపెనీ తనకిష్టమైన రేటుకు అమ్ముకుంటుంది. పైగా ఆ 2,500 కూడా అక్కడే ఆగలేదు, ధరలు, ఇంధనం పెరిగిన కొద్దీ పరిమితిని సవరిస్తూ వచ్చారు.

తక్కువకు అమ్మిన సీట్ల నష్టాన్ని కంపెనీకి ప్రభుత్వం కట్టిస్తుంది. అందులో 20 శాతం రాష్ట్రానిది, మిగతాది పెద్ద రూట్లలో తిరిగే విమానాల మీద వేసిన లెవీ, అంటే అదనపు రుసుము నుంచి వస్తుంది. అంటే మీరు శంషాబాద్ నుంచి ఢిల్లీకి వెళ్లినప్పుడు నాందేడ్ ప్రయాణికుడి టికెట్‌లో మీరూ కొంత కడుతున్నట్టే. మొదటి విడతల రూల్స్ ప్రకారం ఈ సాయం మూడేళ్లే. ఆ మూడేళ్లూ ఆ రూట్ ఒక్క కంపెనీకే రాసిస్తారు.

మామునూరు రూట్లు అవే రూల్స్‌తో ఉడాన్ కిందికి వస్తే మొదటి మూడేళ్లు పోటీ దాదాపు ఉండదన్న సంగతి చాలామంది గమనించడం లేదు.

రెండు కంపెనీలు వస్తే రేటు తగ్గుతుందా?

తగ్గుతుంది. ఎన్నాళ్లు అన్నదే ప్రశ్న.

ఊరికే ఒక లెక్క వేద్దాం. వరంగల్ నుంచి బెంగళూరుకు రోజుకు 80 మంది ఎక్కుతారనుకోండి. ఒక్క ఏటీఆర్ ఉంటే 70 సీట్లూ నిండుతాయి, పది మందికి దొరకదు, రేటు పైకి పోతుంది. రెండోది దిగితే ఒక్కోదానికి 40 మంది. 70 సీట్లకు 40 అంటే 57 శాతం. తలుపు మూసి బయల్దేరాక ఖాళీ సీటుకు విలువ సున్నా, కాబట్టి ఇద్దరూ చివరి రోజుల్లో రేటు దించుతారు. రేటు దిగాక రైలు వదిలి వచ్చేవాళ్లు కొందరు ఉంటారు, 80 కాస్తా 95 అవుతుంది. అయినా రెండు విమానాలు నిండవు. ఆరు నెలలో ఏడాదో ఇద్దరూ నష్టపోయి, ఎవరి దగ్గర డబ్బు తక్కువో వాళ్లు వెళ్లిపోతారు. మిగిలినాయన పాత రేటు పెడతాడు, కొన్నిసార్లు ఇంకో వెయ్యి కలిపి.

అందుకే రెండో కంపెనీ వచ్చిందని సంబరపడే ముందు దాని టైమ్ చూడండి. ఒకటి పొద్దున ఏడింటికి ఉంటే రెండోది కూడా ఏడుంబావుకే పెడుతుంది, ఎందుకంటే ఆఫీసు పని మీద పోయేవాడు ఎక్కువ డబ్బిచ్చే టైమ్ అదే. కాజీపేట చౌరస్తాలో రెండు ఆటోలు ఒకే సవారీ కోసం ఒకేసారి బండి తీసినట్టు ఉంటుంది. మనకు లాభం ఎప్పుడంటే ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం ఉన్నప్పుడు. పొద్దున పోయి పని చూసుకుని రాత్రికి ఇంటికి వచ్చే వీలుంటే లాడ్జి ఖర్చు మిగులుతుంది. ఆ వీలు కోసం జనం 500 ఎక్కువైనా ఇస్తారు, కంపెనీ కూడా నిలబడుతుంది. మా అభిప్రాయం అడిగితే, వరంగల్‌కు మొదట కావాల్సింది ఇదే. 999 రూపాయల ప్రారంభ ఆఫర్ ఫొటోలకు బాగుంటుంది.

పెద్ద కంపెనీ ఏటీఆర్‌తో దిగితే కథ వేరు. దానికి ఈ రూట్ నష్టం పెద్ద లెక్కలోకి రాదు, ఢిల్లీ, ముంబై రూట్లలో సంపాదించుకుంటుంది. పైగా దాని ప్రయాణికుడు బెంగళూరులో దిగి అదే టికెట్ మీద కొచ్చికో గోవాకో పోతాడు. చిన్న కంపెనీకి రెండు మూడు విమానాలే, ఆ తర్వాతి ఊరు అమ్మే వీలుండదు.

కావాలని రేటు దించి చిన్నవాడిని వెళ్లగొడితే అడిగేవాళ్లు లేరా?

చట్టం ఉంది. 2002 నాటి పోటీ చట్టం సెక్షన్ 4 ప్రకారం, మార్కెట్ మీద పట్టున్న కంపెనీ పోటీదారును తప్పించడానికి ఖర్చు కంటే తక్కువకు అమ్మడం చట్టవిరుద్ధం. కాంపిటిషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. కానీ విమానంలో ఒక సీటు ఖర్చెంత అని తేల్చడం అంత సులువు కాదు. ఒకే ఫ్లైట్‌లో పది రకాల రేట్లుంటాయి, ఇవాళ దించి రేపు పెంచుతారు. ఫిర్యాదు తేలేసరికి చిన్న కంపెనీ విమానాలు తిరిగి అద్దె కంపెనీకి పోయి ఉంటాయి. కూడబలుక్కున్నారన్న కేసులు కొంచెం నయం. కార్గో మీద ఫ్యూయల్ సర్‌చార్జి విషయంలో కమిషన్ 2015లో మూడు కంపెనీలకు జరిమానా వేసింది, 2018లో మళ్లీ వేసింది.

రేట్ల మీద ప్రభుత్వ పెత్తనం 1994లోనే పోయింది. కంపెనీలు తమ రేట్ల పట్టికను వెబ్‌సైట్‌లో పెట్టాలి, ఆ హద్దుల్లో అమ్మాలి, అంతే. మరీ గోల అయితే కేంద్రం దిగుతుంది. కరోనా తర్వాత రెండేళ్లకు పైగా కనిష్ఠ, గరిష్ఠ రేట్లు పెట్టింది. 2025 డిసెంబర్‌లో ఇండిగో ఫ్లైట్లు కుప్పలుగా రద్దయి మిగతా కంపెనీల టికెట్లు ఆకాశానికంటినప్పుడు 500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 7,500 మించొద్దంది. చిన్న కంపెనీల గోడు వినిపించినప్పుడు అంత త్వరగా కదిలిన సందర్భం మాకు గుర్తు లేదు.

మన తెలుగు ఎయిర్‌లైన్స్ ఎందుకు నిలబడలేదు?

విజయవాడ నుంచి ఎయిర్ కోస్టా 2013 అక్టోబర్‌లో మొదలై 2017 ఫిబ్రవరిలో ఆగింది. హైదరాబాద్ నుంచి ట్రూజెట్ 2015 జులైలో వచ్చి 2022 ఫిబ్రవరి దాకా నడిచింది. కడప, నాందేడ్, బళ్లారి పక్కన విద్యానగర్ లాంటి ఊళ్లకు విమానాలు నడిపింది. బెంగళూరు కంపెనీ ఎయిర్ పెగాసస్ ఏడాదిన్నర కూడా ఉండలేదు.

కారణాలు దాదాపు ఒకటే. విమానాలు అద్దెవి, అద్దె డాలర్లలో. టికెట్ అమ్మేది రూపాయల్లో. రూపాయి పడితే, ఒక్క సీటు తక్కువ అమ్మకపోయినా ఖర్చు పెరుగుతుంది. విమాన ఇంధనం ఇప్పటికీ జీఎస్టీలోకి రాలేదు, పన్ను రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. పైలట్‌ను ఏటీఆర్ మీద తయారు చేసేది చిన్న కంపెనీ, అతను అనుభవం రాగానే ఎయిర్‌బస్ లాంటి పెద్ద విమానాలు నడిపే కంపెనీకి పోతాడు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ విమానం పాడవడం. యాభై విమానాలున్నవాడికి ఒకటి పాడైతే ఇంకోటి పంపుతాడు. మూడున్నవాడికి ఒకటి షెడ్డులో ఉంటే ఆ రోజు మూడో వంతు ఫ్లైట్లు పోయినట్టే. రెండుసార్లు అలా జరిగితే ప్రయాణికుడు మళ్లీ ఆ పేరు అడగడు. మా కౌంటర్‌లో ఇది రోజూ చూస్తాం: "ఆ కంపెనీ వద్దు సార్, పోయినసారి క్యాన్సిల్ చేసిండ్రు" అంటారు. రేటు 800 తక్కువున్నా సరే.

ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన లెక్క చూస్తే ఇంకా అర్థమవుతుంది. ఉడాన్ మొదటి మూడు విడతల్లో కేటాయించిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తిచేసినవి 112. సాయం ఆగాక కూడా 2023 మార్చి దాకా నడిచినవి 54. మొత్తంలో అది ఏడు శాతం.

అంటే ఉడాన్ వేస్టా?

అలా అనలేం. మిగిలిన ఆ 54 రూట్ల ఊళ్లవాళ్లను అడిగితే తెలుస్తుంది. కానీ మూడేళ్లలో జనానికి అలవాటు కాని రూట్, సాయం మరో రెండేళ్లు పెంచినా అలవాటు అవుతుందని మాకైతే నమ్మకం లేదు.

రైలు ఉండగా విమానం ఎవరెక్కుతారు?

మంచి ప్రశ్న. మామునూరుకు వచ్చే కంపెనీ కాజీపేట, వరంగల్ స్టేషన్ల టైమ్‌టేబుల్ ముందు పెట్టుకోవాలి. తిరుపతికి రాత్రి పద్మావతి ఎక్కి పడుకుంటే పొద్దున దిగుతారు, రాత్రి లాడ్జి ఖర్చు కూడా మిగిలినట్టు. ఆదిలాబాద్ నుంచి వచ్చే కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఉంది. విశాఖకు 2023 జనవరి నుంచి వందే భారత్ వరంగల్‌లో ఆగుతోంది, సుమారు ఏడు గంటలు. నలుగురు కుటుంబం కొండకు పోతే స్లీపర్ టికెట్లన్నీ కలిపినా ఒక విమానం టికెట్ అంత కాదు. వాళ్లు రైలు దిగరు, దిగాల్సిన అవసరమూ లేదు.

విమానానికి దొరికేది వెయిటింగ్ లిస్టులో ఇరుక్కున్నవాళ్లు, సెలవు లేనివాళ్లు, రాత్రి ప్రయాణం చేయలేని పెద్దవాళ్లు. బెంగళూరు కొంచెం మేలు, ఎందుకంటే ఇక్కడి నుంచి రైలు సౌకర్యం తిరుపతికి ఉన్నంత బాగా లేదు. అందుకే మొదటి రూట్ బెంగళూరు అయితే నిలబడుతుందని మా అంచనా. నాయకులు తిరుపతి పేరు చెప్పడానికే ఇష్టపడతారు, అది వేరే విషయం.

ఫ్యాన్ల విమానం సేఫేనా? ఊగుతుందట గదా?

సేఫే. పెద్ద విమానాలకు ఉన్న తనిఖీలు, రూల్సే దీనికీ. జెట్ కన్నా తక్కువ ఎత్తులో పోతుంది కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నం, వానాకాలం మేఘాల్లో కుదుపులు ఎక్కువ తెలుస్తాయి. వాంతులయ్యేవాళ్లు పొద్దున ఫ్లైట్ తీసుకోండి. పైన సామాను పెట్టే అర చిన్నది, చక్రాల పెట్టె పట్టకపోవచ్చు. మందులు, ఫోన్ చార్జర్, బంగారం చేతిసంచిలో పెట్టుకోండి.

రెండు కంపెనీల టికెట్లు విడివిడిగా కొని కలుపుకోవచ్చా?

కొనొచ్చు, కానీ గల్ఫ్ పోయేవాళ్లకు మేము వద్దనే చెప్తాం. జగిత్యాల నుంచి వచ్చిన ఒకాయన "అన్నా, విడిగ తీస్కుంటే నాలుగు వేలు మిగులుతున్నయి" అని ముంబై దాకా చిన్న కంపెనీది, అక్కడి నుంచి మస్కట్‌కు ఇంకోటి తీసుకున్నాడు. మొదటి ఫ్లైట్ మూడు గంటలు లేటైంది. మస్కట్ విమానం పోయింది. చిన్న కంపెనీవాళ్లు తమ టికెట్ ముంబై దాకే అన్నారు, రెండోవాళ్లు టైమ్‌కు రాలేదన్నారు. ఇద్దరిదీ రూల్ ప్రకారం కరెక్టే. పేరు, ఊరు స్కెచ్ పెన్‌తో పెద్దగా రాసి తాడు కట్టిన అట్టపెట్టెతో ఆయన ఎయిర్‌పోర్టు బయట రాత్రంతా కూర్చుని, పొద్దున మళ్లీ పూర్తి రేటు పెట్టి టికెట్ కొన్నాడు.

ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే మొదటిది లేటైనా తర్వాతి ఫ్లైట్‌లో ఎక్కించే బాధ్యత వాళ్లది, సామాను కూడా చివరిదాకా పోతుంది. చిన్న కంపెనీని ఎంచుకునే ముందు దానికి పెద్ద కంపెనీతో కోడ్‌షేర్, అంటే ఒకరి ఫ్లైట్ టికెట్ ఇంకొకరు అమ్మే ఒప్పందం ఉందా అని అడగండి. లేకపోతే మధ్యలో కనీసం ఒక రాత్రి గ్యాప్ పెట్టుకోండి.

ఫ్లైట్ రద్దు చేస్తే నాకేమొస్తుంది?

24 గంటల ముందు చెప్తే వేరే ఫ్లైట్ లేదా పూర్తి డబ్బు వాపస్, ఏది కావాలో మీ ఇష్టం. చెప్పకుండా రద్దు చేస్తే, విమానాలకు రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ డీజీసీఏ రూల్ ప్రకారం పరిహారం కూడా ఉంది. గంట లోపు ఫ్లైట్‌కు 5,000, గంట నుంచి రెండు గంటలైతే 7,500, ఆపైన 10,000. అయితే ఆ మొత్తం, లేదా మీ టికెట్ బేస్ ఫేర్, ఫ్యూయల్ చార్జీ కలిపినంత, ఈ రెండిట్లో తక్కువది ఇస్తారు. కాబట్టి 1,800 టికెట్ మీద 5,000 ఆశించకండి. వాతావరణం బాగాలేక ఆగితే పరిహారం లేదు. చిన్న ఎయిర్‌పోర్టుల్లో డిసెంబర్, జనవరి పొద్దుటి మంచు చాలా ఫ్లైట్లను ఈ గాటన కట్టేస్తుంది.

ఇలాంటి దగ్గరి ఫ్లైట్లు రెండు గంటలు దాటి లేటైతే టిఫినో భోజనమో పెట్టాలి. అడగకపోతే కొందరు పెట్టరు. అడగండి. వచ్చిన మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, కౌంటర్ దగ్గర జవాబు రాకపోతే కేంద్ర ప్రభుత్వ ఎయిర్‌సేవ యాప్‌లో ఫిర్యాదు పెట్టండి.

కంపెనీయే మూతపడితే?

ఏజెంట్ దగ్గర కొన్నా డబ్బు వాపసిచ్చే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. కానీ ఎయిర్‌లైన్ ఖాతాలో డబ్బే లేకపోతే రూల్ ఏం చేస్తుంది? చిన్న కంపెనీ టికెట్ నాలుగైదు నెలల ముందు కొనకండి. క్రెడిట్ కార్డుతో కొంటే ప్రయాణం జరగలేదని బ్యాంకులో డిస్‌ప్యూట్ పెట్టే దారి ఒకటి మిగులుతుంది. కంపెనీ జీతాలు ఆపిందని, విమానాలు సగం నిలిపిందని వార్తలు వస్తుంటే చవక ఆఫర్ చూసి ఎగబడొద్దు. కంపెనీకి చేతిలో నగదు లేనప్పుడు కూడా ఆఫర్లు పెడుతుంది.

మాది నిజామాబాద్, ఆదిలాబాద్. మామునూరు మాకెందుకు?

నిజామాబాద్, బోధన్ వాళ్లకు నాందేడ్ దగ్గర, అక్కడి ఫ్లైట్ ఉన్న రోజులు చూసుకుని వెళ్లండి. ఆదిలాబాద్‌కు నాగ్‌పూర్ మేలు, 44వ జాతీయ రహదారి మీద తిన్నగా పోతారు, కంపెనీలు కూడా ఎక్కువ. ఆదిలాబాద్ ఎయిర్‌ఫీల్డ్‌ను పౌర విమానాలకు వాడుకోవడానికి 2025 ఏప్రిల్‌లో వాయుసేన ఒప్పుకుంది. కరీంనగర్, పెద్దపల్లి వాళ్లు రామగుండం దగ్గరి బసంత్‌నగర్ ఎయిర్‌స్ట్రిప్ గురించి అడుగుతుంటారు. మామునూరు, ఆదిలాబాద్, బసంత్‌నగర్ మూడూ ఒకేసారి వస్తే ఉన్న కొద్దిమంది ప్రయాణికులూ మూడు చోట్లకు చీలిపోతారు. పై లెక్కలో 80 మంది అనుకున్నాం, అక్కడ 30 అవుతారు.

మేడారం హెలికాప్టర్ కూడా ఉడానేనా?

కాదు. జాతరప్పుడు నడిచేది ప్రైవేటు సర్వీసు, దాని రేటు వాళ్లిష్టం.

ఎన్ని రోజుల ముందు కొంటే చవక?

చిన్న రూట్లలో మూడు నాలుగు వారాల ముందు కొంటే చాలు. అంతకు ముందు కొన్నా పెద్దగా తేడా ఉండదు. ఉడాన్ రేటు సీట్లున్న ఫ్లైట్ అయితే మాత్రం బుకింగ్ తెరిచిన రోజే చూడండి, అవి ముందు వచ్చినవాళ్లకు పోతాయి. దసరా, సంక్రాంతికి ఈ లెక్కలేవీ పనిచేయవు. అప్పుడు రైలు టికెట్ కూడా తీసి పెట్టుకుని, ఫ్లైట్ ఖాయమయ్యాక దాన్ని క్యాన్సిల్ చేసుకోండి. ముందుగానే చేసుకుంటే స్లీపర్ క్యాన్సిలేషన్‌కు పోయేది తక్కువే.